మోకాలి ఆపరేషన్ క్లెయిమ్‌లో 90,000 కోత: సమాధానం

అమ్మగారి మోకాలి ఆపరేషన్ బిల్లులో బీమావారు 90,000 రూపాయలు ఎందుకు కోశారని, అది తిరిగి వస్తుందా అని మీరు అడిగారు. కోతకు కారణం గది అద్దె. పాలసీ పరిమితి రోజుకు 5,000 రూపాయలు కాగా, అమ్మగారికి మీరు తీసుకున్నది 8,000 గది కనుక, మీ కంపెనీ గ్రూప్ బీమావారు అదే నిష్పత్తిని (62.5 శాతం) 2,40,000 బిల్లు మొత్తానికీ వేసి 1,50,000 చెల్లించారు.

పొరపాటు ఆ ‘మొత్తానికీ’ అన్నచోటే ఉంది. 2020 నాటి ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు (ఆపరేషన్‌లో శరీరంలో అమర్చే భాగాలు), రోగనిర్ధారణ పరీక్షల ఖర్చుకు ఈ దామాషా కోత వర్తించదు.

1. ఆసుపత్రి నుంచి అంశాలవారీ బిల్లు, ఇంప్లాంట్ స్టిక్కర్ (దాని ప్యాక్‌పై ఉండే వివరాల చీటీ) తీసుకోండి. చాలామంది ఒక్క పేజీ సారాంశపు బిల్లుతో సరిపెట్టుకుంటారు. అందులో ఇంప్లాంట్ ధర ప్యాకేజీలో కలిసిపోయి కనిపించదు.

2. ఈ కోతను సరిచేయమని, హెచ్‌ఆర్‌కు ఒక కాపీ పంపుతూ, బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికే నేరుగా రాయండి.

3. నెలలోగా జవాబు రాకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా వివాదాలు పరిష్కరించే అధికారికి) రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

గది అద్దెలోని తేడా మాత్రం తిరిగి రాదు.