40 లక్షల అప్పుతో ఎంపీహెచ్‌కు పంపే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ పూర్తి చేసింది. ఇంటర్న్‌షిప్‌లో ప్రభుత్వ బడుల్లో క్యాంపులకు వెళ్లినప్పటి నుంచి పిల్లల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తానంటోంది. అమెరికాలో బడుల్లోనే ఆరోగ్య కేంద్రాలు ఉంటాయట, వాటి మీద పనిచేయడానికి అక్కడ ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేస్తానని పట్టుబట్టింది. సీటు వచ్చింది. 40 లక్షల లోను కావాలి. ఆ పరిశోధనలకు నిధులు ఆపేశారని విన్నాం. డెంటిస్టుగా చదివించి ఇదేం పని అని బంధువులు అంటున్నారు. ఎంపీహెచ్, ఎండీఎస్‌ (దంతవైద్యంలో పీజీ)లలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: బీడీఎస్, ఫార్మ్‌డీ, నర్సింగ్ చదివిన పిల్లల ఇళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. అడిగేది కోర్సు గురించే అయినా లోపల ఉండే భయాలు రెండు. అప్పు తీరకపోతే ఎలా? నలుగురికీ ఏం చెప్పాలి? మొదటిది న్యాయమైన భయం, దాని గురించే మాట్లాడుకుందాం. రెండో దానికి జవాబు వెతకాల్సిన అవసరం మీకు లేదు.

ముందుగా, మీ అమ్మాయి చెప్పింది గాలిమాట కాదు. అమెరికాలో 1960ల చివరి నుంచే బడి ఆవరణలో వైద్యం అందించే కేంద్రాలు ఉన్నాయి. కూలి పోగొట్టుకుని బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లలేని తల్లులున్న చోట నర్సులు, కౌన్సిలర్లు, కొన్నిచోట్ల డెంటిస్టులు కూడా బడిలోనే అందుబాటులో ఉంటారు. పేద ప్రాంతాల్లో ఇవి పిల్లల ఆరోగ్యానికీ చదువుకూ మేలు చేస్తాయని 2015లో అక్కడి నిపుణుల బృందం సిఫార్సు కూడా చేసింది. అయితే డబ్బు ఎప్పుడూ నిలకడగా లేదు. 2010 ఆరోగ్య చట్టంలో వీటికి 20 కోట్ల డాలర్లు కేటాయించారు కానీ, అవి భవనాలకూ పరికరాలకూ మాత్రమే. రోజువారీ నడపడానికి మెడికెయిడ్ (పేదలకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) బిల్లులు, రాష్ట్రాల గ్రాంట్లు, దాతల సాయం కలుపుకోవాలి.

పరిశోధన నిధుల పరిస్థితి ఇంకా కష్టం. 2025లో ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వందలాది గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. పేద, మైనారిటీ వర్గాల ఆరోగ్య అసమానతల మీద జరిగే పనులకు గట్టి దెబ్బ తగిలింది. కేసులు కోర్టులకు వెళ్లాయి, కొన్ని గ్రాంట్లు తిరిగొచ్చాయి. అయినా చేతిలో ఉన్న గ్రాంటే ఆగిపోవచ్చని తెలిసిన ప్రొఫెసర్ కొత్త విద్యార్థికి జీతం ఇస్తానని మాటివ్వడానికి వెనకాడతారు. పైగా ఎన్ఐహెచ్ విద్యార్థులకు నేరుగా ఇచ్చే ఫెలోషిప్పులు చాలావరకు అక్కడి పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికే. మీ అమ్మాయికి దారి ప్రొఫెసర్ గ్రాంటులో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరడమే. అలాంటి అవకాశాలు ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లకే దక్కుతాయి. ఎంపీహెచ్ చేసేవాళ్లలో ఎక్కువమంది సొంత డబ్బే కట్టుకుంటారు.

ఈ ఎంపీహెచ్ మోజు మీద నాకు చాలాకాలంగా అనుమానాలున్నాయి. కన్సల్టెన్సీలు దీన్ని 'హెల్త్‌కేర్‌లో సేఫ్ కోర్సు' అని అమ్ముతున్నాయి. సాధారణ పబ్లిక్ హెల్త్ డిగ్రీకి చదువయ్యాక పని చేసుకోవడానికి ఒక ఏడాదే అనుమతి. ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తి అధ్యయనం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) కింద నమోదైన కోర్సులకైతే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) పొడిగింపుగా మరో 24 నెలలు దొరుకుతాయి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఏ కోర్సు కోడ్ ఉందో చూశారా? ఎక్కువమంది తల్లిదండ్రులు చూడరు. లోను కట్టే దారి మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతాను. ఎంపీహెచ్ చేశాక ఎలాగోలా అక్కడే డీడీఎస్‌ (అమెరికా దంతవైద్య డిగ్రీ)లో చేరి డెంటిస్టు అవుతుందని మీ మనసులో ఉందా? చాలా ఇళ్లలో అసలు లెక్క ఇదే. అలాగైతే పరిశోధన పేరు చెప్పి అమ్మాయిని మభ్యపెట్టకండి. డీడీఎస్ అంటే మళ్లీ రెండు మూడేళ్లు, మళ్లీ పెద్ద ఫీజు, మళ్లీ పోటీ. ఆ అప్పు మోయాల్సింది ఆమె. ఉత్తరంలో బంధువుల మాట రాశారు. క్యాంపుల్లో ఆమె ఏం చూసి ఇంత కదిలిపోయిందో ఒక్క వాక్యం కూడా లేదు. అడగలేదనే అనుకుంటున్నాను. ఈ రాత్రే అడగండి.

పోలిక కోరారు కాబట్టి, ఎండీఎస్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అనే విభాగం ఉందని గుర్తు చేస్తున్నాను. ఆర్థోడాంటిక్స్‌ (వంకర పళ్లు సరిచేసే విభాగం)కు ఉన్నంత పోటీ దీనికి ఉండదు. 'డెంటిస్టు' అన్న గుర్తింపు పోదు, ఆమెకు నచ్చిన పనీ దొరుకుతుంది. కాదు, ఎంపీహెచ్చే కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, తిరువనంతపురం శ్రీచిత్రలో మంచి పేరున్న కోర్సు ఉంది. వీటికి 40 లక్షలు అక్కర్లేదు.

పరిశోధన చేయడానికి విషయాలు మన దగ్గరే బోలెడున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు బడులకు వచ్చి 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తాయి. పుచ్చిపళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి, కానీ ఆ బృందంలో డెంటిస్టు ఉండరు. చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపిన పిల్లల్లో ఎంతమందికి నిజంగా చికిత్స అందింది? అందనివాళ్లకు అడ్డొచ్చింది ఏమిటి, బస్సు చార్జీలా, తల్లి కూలిరోజా, భయమా? ఒక మండలంలో దీన్ని శ్రద్ధగా తేల్చినా, ఏ ప్రొఫెసరైనా ఆమె అప్లికేషన్ ఆగి చదువుతారు.

అందుకే నా సలహా, సీటును ఏడాది వాయిదా వేయమని యూనివర్సిటీకి రాయించండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఈలోగా ఏదైనా పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ పనికి చేరనివ్వండి, జీతం తక్కువైనా సరే. ఆసక్తి నిలబడితే ట్యూషన్ ఫీజు కట్టి స్టైపెండ్ కూడా ఇచ్చే పీహెచ్‌డీలకు అప్లై చేయవచ్చు. ఏడాది పోతుందని టెన్షన్ పడకండి. ఆమె బీడీఎస్ ఎక్కడికీ పోదు, కావాలంటే సాయంత్రాలు క్లినిక్‌లో కూర్చోవచ్చు. వాయిదా వేయడానికి గడువు ఉంటుంది కాబట్టి ఆ మెయిల్ మాత్రం ఈ వారమే పంపించండి.