నాన్నగారి పద్మిని మళ్లీ రోడ్డెక్కాలంటే ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నా వయసు 54, ప్రైవేటు ఉద్యోగం. నా భార్య టీచర్. ఇద్దరిదీ కలిపి నెలకు 1.55 లక్షలు చేతికి వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 80 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లకు 40 వేలు పోతాయి. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం, ఎంఎస్‌కి వెళ్తానంటోంది. మూడేళ్ల క్రితం నాన్నగారు పోయారు. ఆయన 1974 ప్రీమియర్ పద్మిని కారు అప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, రెన్యువల్ గడువూ దాటిపోయింది. నాకు ఒక చెల్లెలు. బండి బాగు చేయించి, మోదుగలు పూసే రోజుల్లో ఆదివారం పొద్దున్నే నర్సాపూర్ అడవి దాకానో, అనంతగిరి దాకానో నడుపుకుంటూ వెళ్లాలని కోరిక. మెకానిక్ 4.5 లక్షలు అంటున్నాడు. ఎఫ్‌డీ తీసెయ్యనా, గోల్డ్ లోన్ పెట్టనా? ఇలాంటి బండ్ల రేటు పెరుగుతుంది, ఇదీ ఇన్వెస్ట్‌మెంటే అని మా బావమరిది అంటున్నాడు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమని ఇంకో మిత్రుడి సలహా. మీరేమంటారు?

జవాబు: బండి బాగు చేయించుకోండి. ఆ కోరికను వాయిదా వేయమని నేను చెప్పను. కానీ డబ్బంతా ఒకేసారి పెట్టకండి, బంగారం జోలికి వెళ్లకండి, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దు.

ముందు ఇన్వెస్ట్‌మెంట్ మాట తేల్చేద్దాం. 4.5 లక్షలు ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు 11.67 లక్షలవుతుంది. బండి పెట్టుబడి అనిపించుకోవాలంటే పదేళ్ల తర్వాత అంతకు అమ్ముడుపోవాలి. ఆ పదేళ్లలో టైర్లకు, బ్యాటరీకి, సర్వీసింగ్‌కు, ఇన్సూరెన్సుకు పెట్టినదంతా దాని మీద అదనంగా రావాలి. పద్మినిలు మన దేశంలో ఏళ్ల తరబడి తయారయ్యాయి, ఇప్పటికీ దొరుకుతాయి. పైగా మీరు దాన్ని అమ్ముతారా? మీ ఉత్తరం చదివితే అమ్మేలా లేరు. అమ్మని వస్తువు రేటు పెరిగినా మీ రిటైర్మెంట్‌కు అక్కరకు రాదు. కాబట్టి దీన్ని మనసుకు నచ్చిన ఖర్చు కిందే రాసుకోండి. అలా రాసుకుంటేనే ఎంత పెట్టాలో హద్దు తెలుస్తుంది.

ఆ హద్దు మీ ఎఫ్‌డీలోనే ఉంది. నెలకు 80 వేల చొప్పున ఆరు నెలల ఖర్చు 4.8 లక్షలు కదలకూడదు. మీ వయసులో ఉద్యోగానికి అనుకోని ఇబ్బంది వస్తే కొత్తది దొరకడానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం. అమ్మాయి పరీక్షలు, అప్లికేషన్లు, వీసా, టికెట్ ఖర్చులకు 2.5 లక్షలు విడిగా పెట్టండి. ఫీజుకు ఎలాగూ ఎడ్యుకేషన్ లోన్ చూడాలి. 9 లక్షల్లో ఇవి పోను మిగిలేది 1.7 లక్షలు. ఇవాళ బండికి మీరు పెట్టగలిగింది అంతే.

అది సరిపోతుంది కూడా. మీరు పంపిన ఎస్టిమేట్‌లో బ్రేకులు, టైర్లు, రేడియేటర్, వైరింగ్, కార్బొరేటర్, పెట్రోలు లైను కలిపి 1.6 లక్షలు. టింకరింగ్, పెయింటింగ్ 2.1 లక్షలు. సీట్లు, క్రోమ్ పనులు 80 వేలు. మొదటి భాగం చేయిస్తే బండి క్షేమంగా నడుస్తుంది. మిగతా 2.9 లక్షలు అందం కోసం. సిప్‌లు, ఇంటి ఖర్చు పోను మీకు నెలకు 35 వేలు మిగులుతోంది. అందులో 12 వేలతో ఒక రికరింగ్ డిపాజిట్ వేయండి. రెండేళ్లకు 2.88 లక్షలు, ఆపైన వడ్డీ. పెయింటు అప్పుడు వేయించుకోవచ్చు. రంగు వెలిసిన పద్మిని అనంతగిరి ఎక్కడానికి ఏ అడ్డూ లేదు.

మొదటి భాగంలో రెండింటి దగ్గర మాత్రం పైసా తగ్గించకండి. ఒకటి టైర్లు. షెడ్డులో ఉన్న బండి టైరుకు గాట్లు బాగానే కనిపిస్తాయి, కానీ పక్క గోడల మీద సన్నటి పగుళ్లు ఉంటాయి. టైరు పక్కన చిన్న అచ్చులో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1812 అని ఉంటే 2012లో 18వ వారంలో తయారైందని అర్థం. అలాంటి టైరుతో మెదక్ రోడ్డు ఎక్కొద్దు. రెండోది పెట్రోలు లైను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1974 నాటి రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం దాన్ని ఉద్దేశించి చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, కారడం మొదలవుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచకండి.

ఇక కాగితాలు. నిజానికి మీ కేసులో నాకు టెన్షన్ పెట్టేది ఇదే. వాహన యజమాని మరణిస్తే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదకు మార్పించుకోవాలి. మీకు మూడేళ్లయింది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అభ్యంతరం లేదని మీ చెల్లెలు, ఉంటే అమ్మగారు ఇచ్చే అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. ఆర్సీ రెన్యువల్‌కు 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 నుంచి ఫీజు 10 వేలు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం. దానిపైన రాష్ట్రం గ్రీన్ ట్యాక్స్ వేరు. అసలు గడువు ఎప్పుడు దాటిందో ఆర్సీలో చూసి లెక్క వేసుకోండి, కాస్త పెద్ద మొత్తమే రావచ్చు. రెన్యువల్‌కు బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి కాబట్టి బ్రేకులు, లైట్ల పని ముందు పూర్తవ్వాలి. ఈలోగా మెకానిక్ దగ్గరికి కూడా నడిపించకండి, టోయింగ్ బండి మీద పంపండి. ఇన్సూరెన్సు లేకుండా ఎవరికైనా దెబ్బ తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారం నేరుగా మీ ఇంటి మీద పడుతుంది. దానికి గరిష్ఠ పరిమితి ఉండదు.

ఇన్సూరెన్సు ఖర్చు గురించి భయం వద్దు. పద్మిని ఇంజిన్ 1089 సీసీ. 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం 3,416 రూపాయలు, జీఎస్టీతో సుమారు 4,030. మీకు వేరే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ లేకపోతే 15 లక్షల ఓనర్ డ్రైవర్ కవర్ తప్పనిసరి. బండికి జరిగే నష్టానికి కూడా పాలసీ కావాలంటే, చాలా కంపెనీలు ఇంత పాత కారుకు థర్డ్ పార్టీతో సరిపెట్టుకోమంటాయి. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలన్నది నియమం. కాబట్టి ఆన్‌లైన్‌లో కాకుండా బ్రాంచికే వెళ్లండి. పనులు చేయించిన బిల్లులు, ఫొటోలు, సర్వేయర్ ఇచ్చిన విలువ కాగితం పట్టుకెళ్లండి.

మీ మిత్రుడు చెప్పిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకు అది ఇస్తారు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5 వేలతో మళ్లీ చేయించుకోవచ్చు. థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గుతుంది కూడా. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ బండి రోడ్డెక్కడానికి కారణాలు లెక్కపెట్టి రాశారు: ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు. మీరు అడిగింది ఆదివారం పొద్దున్న షికారు వెళ్లడం. అది ఆ జాబితాలో లేదు. ఏడాదికి 1,700 రూపాయల ప్రీమియం మిగుల్చుకోవడానికి ఆదివారాలు వదులుకోవడం నాకు సబబుగా అనిపించడం లేదు. మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి పొడిగించుకోండి.

నడిపించడానికి మరో మంచి కారణం ఆదాయపన్ను. సొంత వాడకానికి ఉన్న కారు అమ్మితే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కానీ ఆ వాడకం చూపించాలి. 1983లో 20 వేలకు కొన్న 1931 ఫోర్డ్ టూరర్‌ను 21 లక్షలకు అమ్మిన ఒకాయన కేసులో, కారు వ్యక్తిగతంగా వాడినట్టు ఆధారం లేదని 2023లో బాంబే హైకోర్టు పన్ను కట్టాల్సిందేనంది. మీరు అమ్మకపోవచ్చు, రేపు మీ అమ్మాయి అమ్మొచ్చు. పెట్రోలు, సర్వీసింగ్ బిల్లులు మీ పేరు మీద తీసుకుని ఒక ఫైల్లో దాచండి, వాటికి యూపీఐలోనే డబ్బు కట్టండి.

నెలకు 5 వేలు పెట్రోలు, సర్వీసింగ్, ఇన్సూరెన్సు కోసం వేరే ఖాతాలో వేస్తూ పోండి. రికరింగ్ డిపాజిట్‌తో కలిపి నెలకు 17 వేలు, మీరు మోయగలిగేదే. ఆర్సీ ఫీజులకు బోనస్ వాడండి. ఈ ఏడాది మోదుగ పూలకు బండి అందకపోతే తొందరపడి ఏప్రిల్‌లో తీయకండి. ఎండలు ముదిరాక ఇంజిన్ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి పాత కార్లు నడిరోడ్డు మీద ఆగిపోతాయి. నవంబరు నుంచి మార్చి సగం దాకా, పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు, దానికి బాగా పడే సమయం. ఈలోగా మెకానిక్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందే అఫిడవిట్ గురించి మీ చెల్లెలుగారితో మాట్లాడండి. ఆవిడకు కూడా అది నాన్నగారి బండే.