రాక్ పాటలు వింటే పాపమా?

ప్రశ్న: మా అబ్బాయి పీయూసీ చదువుతున్నాడు. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాడు, ఇంటికొచ్చి రాక్ పాటలు పెడతాడు. సాతాను సంగీతమని ఆపమంటే నాతో మాట్లాడటమే మానేశాడు.
– ఒక తల్లి, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: అమ్మా, మద్రాసు బర్మా బజారులో నేను కొన్న క్యాసెట్‌ను మా నాన్న రీలు లాగి పారేశారు. అప్పటికే పాట నాకు నోటికొచ్చేసింది! డ్రమ్సుకు పాపం అంటదు; మన పాటలకు డప్పు కొట్టమా? చూడాల్సింది మాటల్ని. యూ2 అనే రాక్ బృందం 1983 నాటి ‘వార్’ ఆల్బమ్‌లో చివరి పాట ‘40’కి ఆధారం బైబిల్లోని 40వ కీర్తనే. అలాగని అన్నీ అలా ఉండవు. ఆడవాళ్లను చులకన చేసేవి, మత్తును పొగిడేవి అయితే నేనూ ఆపేస్తాను. ఈ శనివారం వాడి పక్కన కూర్చుని రెండు పాటలు వినండి, అర్థం వాణ్నే చెప్పమనండి. సౌండు తగ్గించమని మాత్రం గట్టిగానే చెప్పొచ్చు.