కదలకుండా కూర్చుంటే లైటు ఆరిపోతోంది

ప్రశ్న: మా నాన్నగారు వీల్‌చైర్‌లో ఉంటారు, చేతులు సాగవు. స్విచ్ జోలికి పోనక్కర్లేకుండా గదిలో మోషన్ సెన్సర్ లైటు పెట్టించాం. టీవీ చూస్తూ కూర్చుంటే రెండు నిమిషాలకే ఆరిపోతోంది. ఎండాకాలంలో మరీను.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: సెన్సర్ చెడిపోలేదమ్మా. అది పి.ఐ.ఆర్. రకం. ఒంటి వేడి చోటు మారితేనే దానికి తెలుస్తుంది, కదలని మనిషి దానికి లేనట్టే. మే నెలలో గోడలు కూడా ఒంటి వేడికి దగ్గరగా కాగుతాయి కాబట్టి ఆ కాస్త తేడా కూడా దొరకదు. టైమర్ పెంచి లాభం లేదు.

24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సర్ (ఎల్‌డి2410 వంటిది) పెట్టించండి. ఊపిరికి ఛాతీ కదిలినా పట్టుకుంటుంది. దానికి తోడు ఒక ఇ.ఎస్.పి.32 బోర్డు (వై-ఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటిది), ఒక రిలే (బోర్డు చెప్పినట్టు లైటు వేసి ఆర్పే స్విచ్), 5 వోల్టుల 2 ఆంప్స్ అడాప్టర్ చాలు. నేలకు మీటరు, మీటరుంపావు ఎత్తులో, నాన్నగారి ఛాతీకి ఎదురుగా గోడకు స్క్రూలతో బిగించాలి. టేపుతో అంటిస్తే వదులై ఊగుతుంది, అప్పుడు గదంతా కదులుతున్నట్టే దానికి కనిపిస్తుంది. వెనక నుంచి పెడితే కుర్చీ ఇనుప ఫ్రేము అడ్డొస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టొచ్చు, రేకు డబ్బాలో పనిచెయ్యదు.

అసలు చిక్కు ఫ్యానుతో. తిరిగే రెక్కలు, ఎగిరే కర్టెను, కిటికీ అవతల ఊగే కొబ్బరి మట్ట, పలచటి చెక్క గోడ అవతల వసారాలో మనిషి, అన్నీ దానికి కదలికే. లైటు ఇక ఆరదు. ఈ సెన్సర్ దూరాన్ని 75 సెంటీమీటర్ల ముక్కలుగా, అంటే గేట్లుగా చూస్తుంది. ఎదురు గోడ 3 మీటర్లలో ఉంటే 4వ గేటు దాటి చూడనివ్వకండి. తర్వాత గది ఖాళీ చేసి, ఫ్యాను ఫుల్లు స్పీడులో పెట్టి, ఒక్కో గేటులో వచ్చే అంకె ఫోన్ యాప్‌లో చూడండి. హద్దు అంకెను (అది దాటితేనే మనిషి ఉన్నట్టు లెక్క) దానికంటే కొంచెం పైన పెట్టండి. నాన్నగారిని కూర్చోబెట్టి పది నిమిషాలు పరీక్షించండి. మధ్యలో ఆరితే కుర్చీ ఉన్న గేటులో మాత్రమే హద్దు తగ్గించండి. 'మనిషి లేడు' అనే ముందు 60 సెకన్లు ఆగేలా పెట్టండి.

ఆదేశాలు ఇ.ఎస్.పి.32 లోపలే ఉంచితే నెట్ పోయినా నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక రిలే పాత స్థితికే రావాలని కూడా అందులోనే చెప్పాలి. పాత స్విచ్ తీసెయ్యొద్దు. 230 వోల్టుల పని ఎలక్ట్రీషియన్‌దే. మీ సముద్రగాలికి ఈ భాగాలను కలిపే జంపర్ వైర్ల పిన్నులు చిలుముపడతాయి, సోల్డర్ చేయించండి.

ప్రశ్న: అన్నయ్యకు మాట స్పష్టంగా రాదు, వాయిస్ స్పీకరుకు అర్థం కావడం లేదు. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: తల తిప్పగలరా? అయితే 3.5 మిల్లీమీటర్ల మోనో పిన్ను ఉండే పెద్ద బటన్ స్విచ్‌ను హెడ్‌రెస్ట్ పక్కన, చెంపకు రెండు మూడు సెంటీమీటర్ల ఎడంగా బిగించండి. మరీ దగ్గరైతే నిద్రలో నొక్కుకుంటుంది. దాన్ని బ్యాటరీతో నడిచే ఇ.ఎస్.పి.32కు కలపండి. గోడ నుంచి తీగ లాగితే చక్రంలో చుట్టుకుంటుంది. 0.3 సెకన్లలోపు తాకిడిని లెక్కచెయ్యవద్దని పెడితే ఒళ్లు బిగుసుకున్నప్పుడు పొరపాటు నొక్కులు తగ్గుతాయి. ఒకసారి నొక్కితే లైటు, 2 సెకన్లు నొక్కి ఉంచితే వంటింట్లో బెల్లు.