టర్బో పెట్టించిన మియాటా: వారంటీ వదిలేయండి, ఇంజన్ వదలకండి

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హెచ్-1బీ మీద ఉన్నాను. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ చిన్న స్పోర్ట్స్ కారు నా కల. 2021 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను. ఇరవై నెలల క్రితం 5,800 డాలర్లు పెట్టి ఆన్‌లైన్‌లో ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే టర్బో కిట్ తెప్పించాను. మరుసటి నెలలో ఇక్కడి షాపు ఒకటి దాన్ని బిగించి, కారు కంప్యూటర్ సెట్టింగులు దానికి తగ్గట్టు మార్చి (ట్యూన్ చేసి) ఇచ్చింది. కార్డు మీద 2,000, చేతికి 1,400 ఇచ్చాను. రెండు నెలల క్రితం ఆల్టమాంట్ కనుమ ఎక్కుతుంటే నీలం పొగ వచ్చి కారు ఆగిపోయింది. మూడో సిలిండర్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) లేదట. ఇంజన్ మార్చడానికి 8,400 అడుగుతున్నారు. నేను రెగ్యులర్ గ్యాస్ (తక్కువ రకం పెట్రోలు) పోశానని షాపతను అంటాడు, నేను ఎప్పుడూ ప్రీమియమే పోశాను. డీలర్ టర్బో చూడగానే వారంటీ లేదన్నాడు. బయటి పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ పోదని ఇక్కడి చట్టంలో ఉందని చదివాను. కిట్ విప్పేసి, పాత పార్టులు పెట్టి ఇంకో డీలర్‌కి చూపించమని స్నేహితుడి సలహా. సగం ధరకే ఇంజన్ చేసిస్తాను, శనివారం కారు టో చేయించి పంపమని షాపతను అంటున్నాడు. ఇంట్లో మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నాను. డీలర్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, ఓడిపోవచ్చు. మీ ఉత్తరం అసలు నాలుగు పేజీలు. మూడు పేజీలు కల గురించి, మీ ఆవిడ మాటల గురించి ఉన్నాయి. వాటికి కోర్టులో విలువ లేదు, నా దగ్గర మందూ లేదు. పనికొచ్చే వాక్యం చివరి పేజీలో దొరికింది: శనివారం కారు టో చేయించి షాపుకి పంపడం. ముందు అది ఆపండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీరు చదివిన చట్టం నిజమే. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ కాదనడానికి వీల్లేదు. కానీ ఇంటర్నెట్‌లో అందరూ ఆ మొదటి సగమే చదివి ఆగిపోతారు. ఆ బయటి పార్టు వల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపించగలిగితే, ఆ నష్టానికి వారంటీ ఇవ్వక్కర్లేదు. మీ రేడియో పాడైతే టర్బోని సాకుగా చూపకూడదు. మీకు పోయింది మాత్రం ఇంజన్.

ఆ ఇంజన్ సంగతి చూద్దాం. మీ రెండు లీటర్ల ఇంజన్ కంప్రెషన్ 13:1, అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పదమూడో వంతుకు నొక్కుతుంది. టర్బో లేకుండా నడవడానికి చేసిన ఇంజన్ కాబట్టే అంత పెట్టారు. దానిలోకి టర్బో ఇంకా గాలి నెడితే సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరిగి, మంట తన వేళకు కాకుండా దానంతట అదే అంటుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ట్యూన్ చేసేవాడు స్పార్కు వేళ వెనక్కి జరిపి, గ్యాస్ కాస్త ఎక్కువ పోయించి దాన్ని అదుపులో పెట్టాలి. పైగా కాలిఫోర్నియాలో మామూలు బంకులో దొరికే ప్రీమియం 91 ఆక్టేనే (గ్యాస్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత అది). అదుపు తప్పితే పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడి అంచు విరుగుతుంది. అప్పుడు కంప్రెషన్ పోతుంది, ఆయిల్ మండి నీలం పొగ వస్తుంది. మీరు రాసింది అక్షరాలా ఇదే. కంపెనీ తరఫున వచ్చే ఇంజనీర్ ఇదంతా పది నిమిషాల్లో చెప్పి కూర్చుంటాడు. వారంటీ కేసు అక్కడితో సరి.

మీ కేసు తేలేది ఒకే ఒక్క ప్రశ్న మీద: నాకింగ్ ట్యూన్ తప్పు వల్ల వచ్చిందా, మీరు పోసిన గ్యాస్ వల్ల వచ్చిందా? ట్యూన్ తప్పయితే షాపతను బాధ్యుడు, గ్యాస్ అయితే మీరే. దీనికి సాక్షులు రెండు. ఒకటి ఆ ఇంజన్. రెండోది షాపతని లాప్‌టాప్‌లో ఉన్న ట్యూన్ ఫైలు, ఆ రోజు నడిపి చూసినప్పటి లాగ్ (కొలతల రికార్డు). ఒక సాక్షి ఇప్పటికే అవతలివాడి చేతిలో ఉంది. శనివారం ఇంజన్‌ని కూడా మీ ఖర్చుతో టో ట్రక్కు ఎక్కించి పంపబోతున్నారు. అతను ఇంజన్ విప్పి, పాత పిస్టన్లు చెత్తలో వేసి, కొత్తవి పెట్టి ఇస్తాడు. ఆ తర్వాత మీ దగ్గర మిగిలేది 4,200 డాలర్ల బిల్లు. కారు దించే ముందు ‘ఇంకే బాకీ లేదు’ అని ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టమంటాడు. చదవకుండా పెట్టేయడం మీకు కొత్త కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

స్నేహితుడి సలహా ఇంతకంటే ప్రమాదం. కిట్ విప్పి పాత పార్టులు పెట్టి ఇంకో డీలర్‌కి చూపించడం కొరివితో తల గోక్కోవడమే. మొదటి డీలర్ టర్బో చూసి రాసుకున్న మాట మీ కారు నంబరు కొట్టగానే రెండో డీలర్‌కి కనబడవచ్చు. అది కనబడకపోయినా, కారు కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీదో కాదో సరిచూసే సంఖ్య ఒకటుంటుంది. ట్యూన్ చేస్తే అది మారిపోతుంది. 2021 జూలై నుంచి కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో (కారు పొగ పరీక్షలో) కూడా దాన్ని చూస్తున్నారు. అది కూడా దొరకలేదనుకుందాం. లేని వారంటీని ఉన్నట్టు చూపించి డబ్బు రాబట్టాలనుకోవడాన్ని మోసం అంటారు. మీరు హెచ్-1బీ మీద ఉన్నారు. ఇమిగ్రేషన్ చట్టంలో మోసానికి శిక్ష పడటం ‘మోరల్ టర్పిట్యూడ్’ (నీతిమాలిన) నేరాల్లోకి వస్తుంది. వీసా స్టాంపింగ్ దగ్గర, గ్రీన్‌కార్డు దగ్గర వరసగా ఆ ప్రశ్నే ఎదురొస్తుంది. 8,400 డాలర్ల ఇంజన్ కోసం ఆ దారి పట్టే మనిషిని నేను తెలివైనవాడు అనను. ఆ సలహా ఇచ్చిన స్నేహితుణ్ని కారు విషయాల్లో ఇక అడగకండి.

ఇప్పుడు గడువులు. కిట్ అమ్మిన కంపెనీ మీద సరుకు లోపం కేసుకి మామూలుగా నాలుగేళ్లు ఉంటాయి. కానీ ఒప్పందంలో దాన్ని ఏడాదికి కుదించుకోవచ్చని కాలిఫోర్నియా చట్టమే అంటుంది. మీరు జతచేసిన అమ్మకం షరతుల పద్నాలుగో పేరా చూశాను, సరిగ్గా అదే రాసి ఉంది. కొని ఇరవై నెలలయింది. ఆ పేరా చెల్లదని వాదించవచ్చు గానీ 5,800 కోసం వేరే రాష్ట్రం కంపెనీతో ఆ పోరు గిట్టదు. కిట్ డబ్బు పోయినట్టే అనుకోండి.

షాపు విషయం వేరు. రాతపూర్వక ఒప్పందమైతే నాలుగేళ్లు, నోటి మాటయితే రెండేళ్లు, ఆస్తి నష్టానికి మూడేళ్లు. మీ దగ్గర ఉన్నది సగం రాత, సగం నోటి మాట: 2,000కి ఇన్‌వాయిస్ ఉంది, ట్యూనింగ్‌కి ఇచ్చిన 1,400కి కాగితం లేదు. కాబట్టి అన్నిటికంటే తక్కువ గడువే మీదనుకోండి. పని అయి పంతొమ్మిది నెలలు. అంటే మీ చేతిలో అయిదు నెలలు ఉన్నాయి. రెండు నెలలు ఉత్తరాలు రాసుకుంటూ గడిపారు.

చేతికి 1,400 ఎందుకిచ్చారు? క్యాష్ అయితే రెండు వందలు తగ్గిస్తానన్నాడని రాశారు. ఆ రెండు వందలకు రసీదు అమ్ముకున్నారు. సరే, ఆ రోజు ఏటీఎంలో డబ్బు తీసిన బ్యాంకు ఎంట్రీ ఉంటుంది. ‘ట్యూన్ డబ్బు ముట్టింది, థాంక్స్’ అని అతను పంపిన మెసేజ్ ఉందన్నారు. రెండూ ప్రింట్ తీయండి. మెసేజ్ ప్రింట్‌లో తేదీ, అతని నంబరు కనబడాలి.

ప్రీమియమే పోశానన్న మాటకు రుజువు ఏది? కార్డు స్టేట్‌మెంట్‌లో మొత్తం డబ్బు కనబడుతుంది, ఏ గ్రేడో కనబడదు. పంపు దగ్గర ఇచ్చే రసీదులో గ్రేడ్, గ్యాలన్లు, ధర మూడూ ఉంటాయి. కారులో, వాలెట్‌లో, గ్లవ్ బాక్సులో ఎన్ని దొరికితే అన్ని పోగు చేయండి. కారు ఆగిన రోజుకు ముందు పోసినదాని రసీదు దొరికితే అదొక్కటే ఇరవై రసీదుల పెట్టు.

ఇంజన్ విషయంలో జాగ్రత్తలు చెబుతాను, వరస తప్పకండి. బ్యాటరీ తీయించకండి, కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లు ఎవరినీ చెరపనివ్వకండి. కారు ఆగిన క్షణంలో వేగం, లోడు ఎంతున్నాయో కంప్యూటర్ ఒక చోట దాచుకుంటుంది, కోడ్లు చెరిపితే అదీ పోతుంది. షాపుతో సంబంధం లేని మెకానిక్‌ని పిలిపించి ముందు అది చదివించి ప్రింట్ తీసుకోండి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీయించండి. నాకింగ్ గట్టిగా జరిగి ఉంటే ప్లగ్గు తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, పిస్టన్ నుంచి ఎగిరిన వెండి రంగు నలుసులు ఉంటాయి. నాలుగు ప్లగ్గులూ నాలుగు కవర్లలో పెట్టి సిలిండర్ నంబరు, తేదీ రాయండి. తుడవకండి! గ్యాస్ ట్యాంకులో మిగిలింది కూడా శుభ్రమైన డబ్బాలో కొంచెం తీయించి ఉంచండి. గ్యాస్ మీదే నింద వేస్తున్నాడు కాబట్టి ఆ డబ్బా మీకు అక్కరకొస్తుంది.

ఇంజన్ విప్పించే ముందు షాపతనికి ఉత్తరం రాయండి. పలానా రోజు, పలానా చోట విప్పిస్తున్నాం, వచ్చి చూసుకోవచ్చు అని. రాకపోతే అతని ఇష్టం. పిలవకుండా విప్పితే మాత్రం సాక్ష్యం పాడుచేశారని రేపు మీ మీదే తిప్పుతాడు. అదే ఉత్తరంలో ట్యూన్ ఫైలు, లాగ్ చెరపకుండా ఉంచి కాపీ ఇమ్మని అడగండి. సర్టిఫైడ్ మెయిల్‌లో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి పంపండి. అడిగాక అవి ‘పోయాయి’ అంటే జడ్జి అర్థం చేసుకుంటాడు.

మీ కేసులో ఒక కత్తి రెండువైపులా పదునుగా ఉంది, దాచి లాభం లేదు. కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగే కారుకి ఇలాంటి కిట్ పెట్టాలంటే రాష్ట్రంలో గాలి కాలుష్యం చూసే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరు ఉండాలి. మీ కిట్‌కి అది లేదు. డబ్బా మీద ‘ఆఫ్-రోడ్ వాడకానికి మాత్రమే’ అనే స్టిక్కర్ ఉందని మీరే రాశారు. వెహికిల్ కోడ్ 27156 ప్రకారం అలాంటిది బిగించడం షాపతని తప్పు, దాంతో రోడ్డెక్కడం మీ తప్పు. షాపులో ట్యాబ్లెట్ తెర మీద మీరు సంతకం చేసిన ‘రిస్కంతా కస్టమర్‌దే’ అన్న మాట అతన్ని పూర్తిగా కాపాడదు. తాను చట్టం ఉల్లంఘించిన బాధ్యతను ఒప్పందంతో వదిలించుకోకూడదని సివిల్ కోడ్ 1668 చెబుతుంది. కానీ జడ్జి మీ వైపు తిరిగి, ‘స్మాగ్ సంగతి మేం చూసుకుంటాం’ అని షాపతను మీకు పంపిన మెసేజ్ చూసి, ఏం చూసుకుంటారని మీరు అనుకున్నారు అని అడుగుతాడు. అనుమతి తీసుకుంటారనుకుంటే మీరు మోసపోయిన కస్టమర్. టెస్టు రోజు ఎలాగో దాటిస్తారనుకుంటే ఇద్దరూ ఒకటే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆ ఒక్క ప్రశ్నకు అబద్ధం ఆడితే మిగతా కేసు నిలవదు.

అందుకే కిట్ డబ్బు అడగకండి, టర్బో గొప్పతనం మాట్లాడకండి. అడగాల్సింది పని సరిగా చేయనందుకు కూలి 3,400, పాడైన ఇంజన్‌కు 8,400, మొత్తం 11,800. చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో ఒక మనిషి 12,500 దాకా అడగవచ్చు. అక్కడ లాయర్లకు ప్రవేశం లేదు కాబట్టి ఈ సలహాలో నా ఫీజు ఆశ ఏమీ లేదు. ఫీజు 75 డాలర్లు. ముందుగా డబ్బు అడిగిన రుజువు ఉండాలి. కేసు మీరు వేసి ఓడితే అప్పీలు లేదు, షాపతనికి ఉంది. అందుకని మెకానిక్ రిపోర్టు చేతికి రాకముందు వేయకండి. ఇలాంటి సివిల్ కేసు వేస్తే వీసాకు ఏమవుతుందో అని భయపడకండి, ఏమీ కాదు.

రాష్ట్రం బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వెబ్‌సైట్‌లో ఆ షాపు రిజిస్ట్రేషన్ చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా పని చేసినవాడికి కూలి కోసం దావా వేసే హక్కే లేదు. రాతపూర్వక అంచనా ఇవ్వకపోవడం కూడా తప్పే, ఫిర్యాదు అక్కడే ఇవ్వండి. బ్యూరో డబ్బు కట్టించలేదు గానీ మధ్యవర్తిగా మాట్లాడుతుంది. చాలామంది అక్కడే దారికొస్తారు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న అసలు పేరు మీదే కేసు వేయండి. బోర్డు మీద పేరు చూసి వేసి, గెలిచాక డబ్బు వసూలు చేసుకోలేక తిరిగినవాళ్లు నాకు తెలుసు.

కారు బాగయ్యాక టర్బో మళ్లీ పెట్టించకండి, కేసు తేలేదాకా ఆ పార్టులు అమ్మకండి కూడా. టో కంపెనీకి ఇవాళే ఫోన్ చేసి శనివారం బుకింగ్ రద్దు చేయండి. కారు మీ గరాజ్‌లోనే ఉండనివ్వండి, షాపతని నుంచి వచ్చే ఫోన్లు ఎత్తకండి, మెసేజ్‌లకు మెసేజ్‌తోనే జవాబివ్వండి.