పాత ఆపరేషన్ రికార్డు ఇవ్వని ఆసుపత్రిపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: అగ్నివీర్ రాతపరీక్ష, ర్యాలీలో పరుగు రెండూ గట్టెక్కాను. మెడికల్‌లో గజ్జ దగ్గర మచ్చ చూసి, చిన్నప్పటి హెర్నియా ఆపరేషన్ కాగితాలు తీసుకుని మిలిటరీ హాస్పిటల్‌లో రివ్యూకి రమ్మన్నారు. అది 2013లోనో 2014లోనో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఓ ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. వాళ్లు రికార్డు లేదంటున్నారు. నాన్న అప్పు చేసి కోచింగ్ ఇప్పించారు, ఇంట్లో అందరికీ టెన్షనే. ఆసుపత్రి మీద కేసు వేయొచ్చా? తెలిసిన డాక్టరు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: కేసు నిలవదు. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది కూడా ఆ నియమావళిలోదే. కానీ మీ 3 ఏళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇవ్వాల్సిన బాధ్యతే లేనప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా సేవాలోపం ఎలా చూపిస్తారు?

డాక్టరు ఇస్తానంటున్న సర్టిఫికెట్‌ను ముట్టుకోకండి. పాత తేదీ వేసి కాగితం పుట్టిస్తే ఫోర్జరీ. దాన్ని మిలిటరీ హాస్పిటల్ మెడికల్ బోర్డు ముందు పెడితే, నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడినందుకు భారతీయ న్యాయ సంహిత 340 సెక్షన్ కింద మీరే ముద్దాయి. ‘ఆపరేషనే జరగలేదు’ అని చెబుదామనీ అనుకోవద్దు. నమోదు ఫారంలో తెలిసి అబద్ధం రాసినట్టు చేరాక బయటపడితే, సైనిక చట్టం 44 సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు.

మీ ఉత్తరంలో పనికొచ్చే మాట ఒక్కటే, ఆరోగ్యశ్రీ. ఆసుపత్రి దగ్గర లేకపోయినా, ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చి డబ్బు కట్టిన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టు దగ్గర ఆ క్లెయిమ్ వివరాలు దొరికే అవకాశం ఉంది. ప్రైవేటు ఆసుపత్రిని సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగలేరు, ట్రస్టును అడగొచ్చు. కార్డు నంబరు, మీ పేరు, తండ్రి పేరు, ఆసుపత్రి పేరు రాసి ప్రీ-ఆథరైజేషన్ (ఆపరేషన్‌కు ఇచ్చిన ముందస్తు అనుమతి), డిశ్చార్జ్ సమ్మరీ ధ్రువీకరించిన నకళ్లు కోరండి. మీ సమాచారమే కాబట్టి ‘వ్యక్తిగతం’ అని తోసిపుచ్చడం కుదరదు. ఏ సంవత్సరమో తెలియదనడం మాత్రం ఏం బాధ్యత? 2014 జూన్ 2కు ముందు ఉన్నది ఉమ్మడి రాష్ట్రం. తేదీ తేలకపోతే ఇప్పుడు రెండు రాష్ట్రాల ట్రస్టులకూ అర్జీ పెట్టుకోవాల్సిందే.

జవాబుకు గడువు 30 రోజులు. 48 గంటల్లో జవాబివ్వాలన్న నిబంధన ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించింది, ఉద్యోగానికి వర్తించదు. మీ రివ్యూ స్లిప్పు మీద గడువు అంతకంటే తక్కువే ఉండొచ్చు. కాబట్టి ఈలోగా ఆసుపత్రికి స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా అడగండి. ‘రికార్డు లేదు’ అని రాసిస్తే అదీ సాక్ష్యమే. ప్రభుత్వాసుపత్రి సర్జన్‌తో పరీక్ష, స్కానింగ్ చేయించుకుని, మచ్చ మానిందా, హెర్నియా తిరగబెట్టిందా అన్నది ఈనాటి తేదీతోనే రాయించుకోండి.

ట్రస్టు జవాబు రాలేదని రివ్యూకి మాత్రం మానకండి. సర్జన్ రిపోర్టు, అర్జీల రసీదులు పట్టుకుని చెప్పిన రోజున వెళ్లి, రికార్డు తెచ్చుకోవడానికి గడువు ఇవ్వాలని అక్కడే రాతపూర్వకంగా కోరి, నకలు మీద ముద్ర వేయించుకోండి.