అమ్మలూ, కత్తెర పట్టే ముందు ఒక్క మాట

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఆదివారాలు పిల్లలకి లెక్కలు చెప్పబోతున్నావని, మొదలుపెట్టడమే నెట్స్, సర్ఫేస్ ఏరియాతో, అంటే ఆకారాలని విప్పి పరిచి పైతలం వైశాల్యం కొలిచే పాఠంతో అని చెప్పాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను, కానీ ఫోన్ పెట్టేశాక గుండెల్లో ఒకటే దడ. రిటైరయ్యి ఇన్నేళ్లయినా ఆ పాఠం పేరెత్తితే నాకు ఇంకా ఏదోలా ఉంటుంది, ఎందుకో కింద చెప్తాను. మీ అత్త చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తా. ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి అంచుల వెంట కోసి బల్ల మీద పరిచెయ్, అదే నెట్. అతికించడానికి ఉండే రెక్కలు ముందే తీసెయ్, లేకపోతే వాటిని కూడా కలిపేసి లెక్కేస్తారు. మూత లేని డబ్బాకి ఐదు ముఖాలే. జవాబు పక్కన చదరపు సెంటీమీటర్లు అని రాయించు. కట్టర్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకు, మొన లేని కత్తెరలే ఇవ్వు, నవ్వకు, నా ఎడమ చూపుడు వేలి మీద మచ్చ చూశావుగా.

క్యూబ్ దగ్గర తొందరపడకు. ఒక్కొక్కళ్లనీ వాళ్లకి తోచినట్టు కోసుకోమని, ఎన్ని అంచులు కోశారో లెక్కపెట్టమను. పరిచిన ఆకారాలు వేరేవేరేగా ఉంటాయి కానీ ఎవరిని అడిగినా ఏడే అంటారు. ఆరు ముఖాలు ఒకే ముక్కగా ఉండాలంటే ఐదు అతుకులు మిగలాలి, మొత్తం అంచులు 12, అందుకని ఏడు. అది వాళ్లే కనిపెడితే మొహాలు వెలిగిపోతాయి, నువ్వు ముందే చెప్పేశావో ఆ వెలుగు నువ్వు ఆర్పేసినట్టే. అలాగే ఆరు చదరాలని అంచుకి అంచు కలిపి 35 రకాలుగా పేర్చొచ్చు, వాటిలో మడిస్తే క్యూబ్ అయ్యేవి 11 మాత్రమే. ఆ 11 కూడా చెప్పకు. తిప్పితే అదే కదా, బోర్లిస్తే అదే కదా అని కొట్టుకుంటారు, కొట్టుకోనీ.

బోర్డు మీద పెట్టె వైశాల్యం సూత్రం, టూ ఇంటూ ఎల్బీ ప్లస్ బీహెచ్ ప్లస్ ఎల్హెచ్ అని మొదటి రోజే రాశావంటే మాత్రం నేనే వచ్చి తుడిచేస్తాను. పరిచిన పెట్టె కళ్లముందుంటే ఎదురెదురు ముఖాలు జతలని వాళ్లకే కనిపిస్తుంది. స్థూపం విప్పితే దీర్ఘచతురస్రం వస్తుందని అందరూ చెప్తారు గానీ దాని పొడవు అడుగునున్న వృత్తం చుట్టుకొలత అన్నది జారిపోతుంది, అందుకని కాగితం చుట్టించి చూపించు.

ఇక పిరమిడ్. ఇక్కడే నా కథ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడుగు 10 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 12, పిరమిడ్ చేసి సంపూర్ణతల వైశాల్యం, అంటే అన్ని ముఖాల వైశాల్యం కలిపి రాయండి అని క్లాసుకి ఇచ్చాను. బోర్డు మీద నెట్ కూడా నేనే గీశాను, మధ్యలో చదరం, నాలుగు వైపులా నాలుగు త్రిభుజాలు, త్రిభుజం ఎత్తు దగ్గర 12 అని రాశాను. కొన నుంచి అడుగు మధ్యకి ఉండే నిలువు ఎత్తుని, పక్క త్రిభుజం మీదుగా కొలిచే ఏటవాలు ఎత్తు అనుకున్నానన్నమాట. అందరూ అలాగే కోశారు, మడిచారు, చక్కగా మూసుకుంది. కొనలన్నీ ఒక్కచోట కలిశాయి, ఎక్కడా సందు లేదు. తప్పని ఎవరికి అనుమానం వస్తుంది చెప్పు? త్రిభుజాలు 240, అడుగు 100, మొత్తం 340. ఒక్క పిల్లాడు మాత్రం 360 రాశాడు. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాను.

మర్నాడు వాడు బోర్డు కొలతలతో చేసిన పిరమిడే పట్టుకొచ్చాడు. అడుగున రెండు కర్ణాలు గీసి మధ్యబిందువు గుర్తుపెట్టుకున్నాడు, కొన లోంచి సన్నటి తీగ నిటారుగా ఆ బిందువు దాకా దింపాడు, తీగ మీద గుర్తు పెట్టి స్కేలు పక్కన పెట్టాడు. పదకొండుకి ఒక్క గీత తక్కువ. "మేడం, ఇది 12 లేదు" అన్నాడు, అంతే, ఇంకేం అనలేదు. నేనేమన్నానో తెలుసా? "నీ కటింగ్ సరిగ్గా లేదు, వెళ్లి కూర్చో."

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్కేస్తే, అడుగులో సగం 5, నిలువు 12, ఏటవాలు 13. త్రిభుజాలు 260, మొత్తం 360. వాడిదే రైటు. మర్నాడు వాడి నోట్సు తెప్పించుకుని మార్కు మార్చి ఏమీ జరగనట్టు తిరిగిచ్చేశాను. క్లాసుకి చెప్పలేదు. పరువు పోతుందని. మిగతా వాళ్లందరూ 340 తోనే పై క్లాసుకి వెళ్లిపోయారు తల్లీ, ఇన్నేళ్లయినా అదే గుచ్చుతుంది.

తర్వాతెప్పుడూ పిరమిడ్‌ని ఆ వరసలో చెప్పలేదు. అదే 10 సెంటీమీటర్ల చదరానికి ముందు ఎత్తు 5 త్రిభుజాలు కోయించు. మడిస్తే నాలుగూ చదరం మీద కవరు మూతల్లా సరిగ్గా పరుచుకుంటాయి, పిరమిడ్ లేవదు, ఎత్తు సున్నా. తర్వాత 6 తో కోయించు, కొంచెం లేస్తుంది. తర్వాత 13. త్రిభుజం ఎత్తు వేరు, పిరమిడ్ ఎత్తు వేరు అని వేళ్లకే తెలిసిపోతుంది, పైథాగరస్ తర్వాత వచ్చి దాన్ని ఖాయం చేస్తాడు. శంకువు కూడా ఆ వెంటనే చెప్పు, విప్పితే త్రిభుజం రాదు, వృత్తంలో ఒక ముక్క వస్తుంది, ఆ ముక్క వ్యాసార్థమే ఏటవాలు ఎత్తు.

బంతికి నెట్ ఏదని ఎవరో ఒకరు అడిగి తీరతారు. లేదని చెప్పు, ఎంత కోసినా సాగదీయకుండా చదునుగా పరచలేం, 1827లో గాస్ అనే గణితవేత్త నిరూపించిన దాంట్లోంచే అది వస్తుంది. ఇంకోటి కూడా చెప్పు. గుంటలు లేని, చదును ముఖాల ఆకారం ఏదైనా సరే, అంచుల వెంట కోస్తే ముక్క మీద ముక్క పడకుండా ఎప్పుడూ పరచగలమా? డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు 1525లోనే ఇలాంటి నెట్స్ గీసి అచ్చు వేయించాడు, 1975లో షెపర్డ్ అనే గణితవేత్త దీన్ని సూటిగా ప్రశ్నగా పెట్టాడు, ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. "నాకూ తెలీదు" అని క్లాసులో నువ్వు అనడానికి మంచి సందు, మొదటివారమే అనేసెయ్, అలవాటవుతుంది. నాకు అలవాటవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది.

వేళకి తిను, గొంతు చించుకోకు, చివరి బెంచీలో మాట్లాడని పిల్లల నోట్సు ముందు దిద్దు.

ఈసారి వచ్చినప్పుడు నా బీరువా పై అరలో అట్టపెట్టె చూడు, ఆ పిల్లాడి పిరమిడ్ అందులోనే ఉంది, ఆ రోజు బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. అడుగు ఒక వైపు ఊడింది. తీసుకెళ్లు, కానీ అతికించకు, ఊడిన చోటి నుంచే వాడు గీసుకున్న కర్ణాలు కనిపిస్తాయి.

మీ అత్త